తెర చూసినవారికే అర్హత

మా మొగపేటలో ఏడవడం చేతకానివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ సంగతి ప్రభుత్వం కనిపెట్టి చెప్పేదాకా మాకూ తెలియదు.

ఏరు వచ్చి సముద్రంలో కలిసే మొగ పక్కన ఉంది కనక మొగపేట. నూట ఎనభై గడప. అందరివీ తెప్పలూ వలలే. మూడేళ్ళ కిందట వేసంకాలంలో ఒక పాత పడవ, ఇంజను చచ్చిపోయి, ఇరవై ఇద్దరు మనుషులతో మా రేవు ఎదటికి కొట్టుకొచ్చింది. ఏ దేశం వాళ్ళో, ఏ కష్టానికి ఇల్లూ వాకిలీ వదిలి నీళ్ళ మీద పడ్డారో, భాష తెలియక మాకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగుదామని ఎవరికీ తోచకపోవడం మా ఊరి మొదటి తప్పు. సూరాడ ఎల్లాజీ అయిదు తెప్పలు దింపించి వాళ్ళనందర్నీ ఒడ్డుకు తెచ్చాడు. అతని చెల్లెలు గురమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి కేకలేస్తూ తాళ్ళందించింది.

ఆ సమయానికి మృణాళిని అనే పట్నం అమ్మాయి ఎండుచేపల మీద డాక్యుమెంటరీ తీయడానికి మా ఊళ్ళో ఉంది. మంచి పిల్ల. ఎండుచేపల్ని వాటి మానాన వాటిని వదిలేసి కెమెరా ఇటు తిప్పింది. తొంభై రెండు నిమిషాల సినిమా అయింది. ‘ఉమ్మడి ఒడ్డు’ అని పేరు పెట్టింది. దానికి ఎక్కడెక్కడో బహుమతులొచ్చాయి. చివరికి రాజధానిలో పెద్ద పెద్ద అధికారులందరినీ కూర్చోబెట్టి చూపించారు. హాలు హాలంతా ఏడ్చిందట. దీపాలు వెలిగాక ఒక ముఖ్యమైన అధికారి లేచి, కళ్ళజోడు తుడుచుకుంటూ, సముద్రం మీద వచ్చేవాళ్ళు మనందరి ఉమ్మడి బాధ్యత అన్నారట.

ఇలాంటి మాటలు మామూలుగా చప్పట్లతో ముగిసిపోతాయి. ఈసారి ఎవరో దాన్ని ఫైలు చేశారు.

ఫైలు నడిచింది. నడిచేకొద్దీ దానికి ఆలోచన వచ్చింది. బాధ్యత ఉమ్మడిదే కానీ అందరికీ ఒకే రకంగా అర్థం కాదు కదా. అర్థం కానివాడు చేసే సాయం యాంత్రిక చర్య అవుతుంది. భావం లేకుండా మనిషిని నీళ్ళలోంచి లాగడం ఆ మనిషి ఆత్మగౌరవానికి భంగం. కాబట్టి ముందు భావం, తరవాత తాడు. ఈ లెక్కన ఒక ఉత్తర్వు వెలువడింది. ‘ఉమ్మడి ఒడ్డు’ చూసి, కంట నీరు పెట్టుకుని, ‘సానుభూతి అర్హత పత్రం’ పుచ్చుకున్నవారే ఇకమీదట సముద్రంలో ఆపదలో ఉన్నవారిని రక్షించవచ్చు. పత్రం లేకుండా రక్షించినవారి తెప్ప జప్తు.

ఉత్తర్వును తెలుగులోకి తెచ్చినవారు అధికార భాషా విభాగం సూపరింటెండెంటు సోమయాజులు గారు. ఇంగ్లీషు ముక్క ఒక్కటి కూడా లేకుండా రాశారని ఆయనకు శాలువా కప్పారు. ఆ శాలువా ఆయన ఎండాకాలంలో కూడా తియ్యరు.

ఏడాది తిరిగేసరికి జిల్లాలో నలభై మంది అధికారులకు పత్రాలొచ్చాయి. పట్టుపరిశ్రమ వారికి వచ్చింది. తూనికలు కొలతల వారికి వచ్చింది. ఉద్యానవన శాఖాయన రెండుసార్లు ఏడ్చి విశిష్ట శ్రేణి తెచ్చుకున్నారు. మొగపేటలో మాత్రం ఎవరికీ రాలేదు. సినిమాలో ఉన్నవాళ్ళం కదా, మాకు చూపించాలని ఎవరికీ గుర్తు రాలేదు. గడిచిన చలికాలంలో మునుగుతున్న ఇద్దరు మనుషుల్ని ఎల్లాజీ ఈ సంగతేమీ తెలియక ఒడ్డుకు చేర్చాడు. అతని తెప్ప నాలుగు నెలలు స్టేషను వెనక ఎండకు ఎండి పగిలింది. కొత్త తెప్ప కట్టుకుని, కొత్త తెరచాప కుట్టించుకుని నిలదొక్కుకునేసరికి మళ్ళీ వేసంకాలం వచ్చింది.

అప్పుడే మా ఊళ్ళో ‘ఉమ్మడి బాధ్యతా దినోత్సవం’ పెట్టారు.

రెండు బస్సుల్లో నలభై మంది దిగారు. అందరి రొమ్ముల మీదా కన్నీటి బొట్టు ఆకారంలో నీలం బిళ్ళ. వారి పెద్ద సాగర సానుభూతి ప్రత్యేకాధికారి విశ్వంభరరావు గారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మాట మాత్రం చాలా బరువు. మృణాళిని కెమెరాతో వచ్చింది. సోమయాజులు గారు శాలువాతో, చంకలో నిఘంటువుతో వచ్చారు. ఎవరైనా అక్కడికక్కడ ఏడిస్తే పరీక్షించడానికి టార్చిలైటుతో ఒక నర్సమ్మను కూడా తెచ్చారు. సినిమా వేయడానికి తెచ్చిన తెర పొద్దుటి గాలికి నిలువునా చిరిగిపోతే, ఎల్లాజీ కొత్త తెరచాప విప్పించి తుఫాను షెల్టరులో గోడకు మేకులు కొట్టారు.  ఒక్కొక్క మేకు దిగినప్పుడల్లా ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు.

పదకొండు గంటలకు ఒడ్డున సభ మొదలయింది. విశ్వంభరరావు గారు ‘ఆవలి ఒడ్డు మనిషి కూడా మన మనిషే’ అన్న చోట చెయ్యి చాచి సముద్రం వేపు చూపించారు. సరిగ్గా ఆయన వేలు చూపించిన చోట ఒక పడవ ఉంది.

నలభై మందీ చప్పట్లు కొట్టారు. ఏర్పాట్లు చాలా సహజంగా ఉన్నాయని పట్టుపరిశ్రమాయన పక్కవారితో అన్నారు. పడవలో ఎవరో గుడ్డ ఊపారు. వీళ్ళు కూడా ఊపారు. విశ్వంభరరావు గారు మాత్రం చూపించిన చెయ్యి దించకుండానే పక్కకు వంగి, ఇది కార్యక్రమంలో ఉందా అని మెల్లగా నన్నడిగారు. నేను పంచాయతీలో రాతపని చూసేవాణ్ణి కనక ఆహ్వానపత్రం నా చేతిలోనే ఉంది. లేదని చెప్పాను.

ఎల్లాజీ అప్పటికే లేచి నిలబడి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. పద్నాలుగు మంది ఉన్నారన్నాడు. పడవలోకి నీరెక్కుతోందట. ప్రవాహం దాన్ని ఉత్తరానికి, నల్లబండల మీదకు లాగుతోందట. మధ్యాహ్నం రెండు దాటితే పడవ బండల మీద ఉంటుంది, మనుషులు బండల కింద ఉంటారు. వేట నిషేధం రోజులు కావడంతో మోటారు బోట్లన్నిటికీ ఇంజన్లు విప్పి సీలు వేసేశారు. తెరచాప తెప్పలే దిక్కు. పట్నం నుంచి రక్షణ పడవ రావడానికి నాలుగు గంటలు పడుతుందని ఫోన్లో తేలింది.

“నానెల్తాను బాబూ,” అన్నాడు ఎల్లాజీ. “నా తెప్ప మళ్ళీ అట్టుకుపోం అని రాసియ్యండి. సాలు.”

విశ్వంభరరావు గారు కరిగిపోయారు. అలా రాసివ్వాలని తనకెంతో ఉందనీ, కానీ సానుభూతిలో సడలింపులు మొదలుపెడితే దానికి అంతు ఉండదనీ చెప్పారు. అయినా కంగారు పడవలసిన పని లేదన్నారు. అర్హులు నలభై మంది ఇక్కడే ఉన్నారు కదా.

అర్హులు నలభై మందీ ఇసుక వేపు చూశారు. చివరికి తూనికలు కొలతల అధికారి, యౌవనంలో కాలేజీ చెరువులో ఈదినవారు, ముందుకొచ్చారు. ఆయన రక్షిస్తారు, ఎల్లాజీ మనుషులు తెడ్లు వేస్తారు. ఆ విధంగా ఎల్లాజీ వగైరాలు రక్షకులు కారు, పరికరాలు అవుతారు. ఇది అందరికీ నచ్చింది. ఆయన్ని తెప్ప మధ్యలో కూర్చోబెట్టి తోశారు. మొదటి కెరటానికి తెప్ప ముక్కు లేచింది. ఆయన కూడా లేచి నిలబడ్డారు. అంతే, తెప్పా పరికరాలూ ఒక పక్క, ఆయన ఒక పక్క. ఎల్లాజీ తమ్ముడి కొడుకు ఆయన్ని చొక్కా కాలరు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు.

ఉప్పునీళ్ళు కక్కించి ఆయన్ని ఆరబెడుతుండగానే ఒక చిక్కు బయటపడింది. కుర్రాడికి పత్రం లేదు. పత్రం లేకుండా సముద్రంలో మనిషిని రక్షించాడు. సంజాయిషీ నోటీసు రాయమని నాకు చెప్పారు. తూనికలాయన దగ్గుతూనే, తానసలు మునగలేదనీ, లోతు కొలుస్తున్నాననీ రాసిచ్చారు. కుర్రాడు బతికిపోయాడు.

అప్పటికి పదకొండున్నర దాటింది. ఇక ఒకటే దారి ఉందని విశ్వంభరరావు గారు తేల్చారు. జాలర్లకు సినిమా చూపించాలి. చూస్తారు, ఏడుస్తారు, పత్రాలు పుచ్చుకుంటారు, వెళ్తారు. తొంభై రెండు నిమిషాలే కదా, రెండు కొట్టే లోపల అయిపోతుంది.

ఎల్లాజీతో కలిపి పన్నెండు మందిని, గురమ్మని షెల్టరులో కూర్చోబెట్టి, అర్హులు నలభై మందీ గోడవార సర్దుకున్నాక కిటికీలు మూశారు. తెరచాప మీద బొమ్మ పడింది. ఎవరి తెరచాప మీద వాళ్ళనే చూడడం మావాళ్ళకి మొదటిసారి. ఎల్లాజీ లుంగీ జారిన చోట అంతా ఇకిలించారు. వాడెవడు, వీడెవడు, అప్పుడు ఎంత బక్కగా ఉన్నావురా అని ఒకటే గోల. నర్సమ్మ టార్చి వేసి ఒక్కొక్క కన్నూ చూసింది. ఎండిపోయి ఉన్నాయి. నలభై ఒకటో నిమిషం దాకా ఆగండి అన్నారు విశ్వంభరరావు గారు. ఆ నిమిషంలో ఏడవని అధికారి రాష్ట్రంలో లేడు.

నలభై ఒకటో నిమిషం వచ్చింది. తెరచాప నిండా గురమ్మ మొహం. నడుం లోతు నీళ్ళలో నిలబడి చేతులు చాచి నోరంతా తెరిచి అరుస్తోంది. వెనక పిల్లనగ్రోవి. ఆమె గొంతు వినపడదు కానీ కింద అక్షరాలు పడతాయి. నేను చదివి వినిపించాను: ‘ఓ సాగరమా, నా బిడ్డలు నీ బిడ్డలు కారా.’

గురమ్మ తెల్లబోయింది.

“నానెప్పుడన్నాను ఆ మాట?”

మృణాళిని కెమెరా వెనక నుంచి, ఆ రోజు మీరన్నదే కదమ్మా, భావం పట్టుకుని రాయించానంది. గురమ్మ దవడ మీద వేలు పెట్టుకుంది.

“ఓలమ్మ, భావమేటి తల్లీ. ఆళ్ళు పడవలో నిల్సున్నారు. కూకోండ్రా ఎదవల్లారా, బోల్తా కొట్టీసి మా పేనాలు తీస్తారేటి అన్నాను. నిల్సున్నోడి అమ్మని కూడా తిట్టాను.”

షెల్టరు గోడలు అదిరాయి. పన్నెండు మంది జాలర్లూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఎల్లాజీ నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. పిల్లనగ్రోవి వినపడ్డప్పుడల్లా ‘నిల్సున్నోడి అమ్మ’ అని ఎవడో అనడం, మళ్ళీ మొదలు. మృణాళిని మొహం ఎర్రగా అయిపోయింది. నర్సమ్మ టార్చి వేసి చూసింది. పదమూడు మందికీ కళ్ళ వెంట ధారలు.

ఈ నీరు చెల్లుతుందా అని ప్రశ్న వచ్చింది. సోమయాజులు గారు ఉత్తర్వు తీసి చూశారు. ‘కంట నీరు’ అని ఉంది తప్ప ఎందుకు వచ్చిన నీరో అందులో లేదు. చెల్లింది.

మరి రెండు నిమిషాలకు కరెంటు పోయింది.

 బయట నుంచి గాలి మీద ఏదో కేక వినిపించింది. మనిషి కేకో పక్షి కేకో తెలియలేదు. ఎల్లాజీ తలుపు తీసుకుని వెళ్ళి చూసొచ్చాడు. పడవ బండల వేపు సగం దూరం పోయిందన్నాడు. గుడ్డ ఊపడం ఆపేశారన్నాడు. టైము పన్నెండు ముప్పావు.

విశ్వంభరరావు గారికి చెమటలు పోస్తున్నాయి. ఆయన చెడ్డవాడు కాదు. బయటికి వెళ్ళి ఆ పడవను చూసి వచ్చి గోడకు చేరబడ్డారు. కానీ ఉత్తర్వులో ‘ఏకబిగిన’ అని ఉందట. కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి వేయాలట. ఆ మాట ఆయన చాలా చిన్న గొంతుతో చెప్పారు.

గురమ్మ నా వేపు తిరిగింది. “ఒరే బాబూ, ఆ కాయితంలో ఏటుందో అచ్చరం పొల్లుపోకుండా సదువు.”

కిటికీ రెక్క తెరిచి వెలుతురులో చదివాను. ‘తెర ఎదుట తొంభై రెండు నిమిషములకు తక్కువ గాకుండ ఏకబిగిన కూర్చుండి, తెరను తదేకముగ వీక్షించి, కంట నీరు నించిన ప్రతివారును అర్హులు.’

“ఏ తెర?” అంది గురమ్మ.

ఏ తెరేమిటమ్మా, అదే తెర అని విశ్వంభరరావు గారు గోడ మీది తెరచాపను చూపించారు.

“అది మా అన్న తెరసాప గదా బాబూ. తెరంటే అదిగో.” ఆమె కిటికీ లోంచి చెయ్యి బయటికి పెట్టింది. ఒడ్డు మీద కెరటాలు ఒకదాని వెనక ఒకటి విరిగి పడుతున్నాయి. మా పేటలో కెరటాన్ని తెర అనే అంటారు. తెర దాటడమంటే సముద్రంలోకి పోవడం. “పుట్టినకాడ్నించి దాని ముందే కూకున్నాం. మా అన్న తెల్లారగట్ల కూకున్నాడంటే గాలి సూసీ దాకా లెగడు. తొంబై రెండు నిమిసాలేటి. కంట్లో నీరంటావా, ఉప్పునీరు లేని రోజు మాకేదీ?”

విశ్వంభరరావు గారు నోరు తెరిచేలోపల వెనక మూల చీకట్లో నిఘంటువు ధబాలున తెరుచుకున్న చప్పుడయింది. సోమయాజులు గారు నర్సమ్మ టార్చి లాక్కుని పేజీలు తిప్పుతున్నారు. 

“ఉంది,” అన్నారు. “తెర అంటే అల, కెరటం. మొదటి అర్థమే అది. ఆ తరవాతే అడ్డుగుడ్డ.”

ఉత్తర్వులో ఉన్నది సినిమా తెర కదండీ అన్నారు విశ్వంభరరావు గారు.

“సినిమా అని లేదండీ. మూలంలో ‘ఉమ్మడి ఒడ్డు సినిమా’ అని ఉంది. పరభాషా పదం తగిలిందని ఆ ముక్కంతా నేనే కొట్టేశాను. దానికే శాలువా కప్పారు.”

“కానీ దాని ఉద్దేశం...”

“ఉద్దేశం మీద సంతకం లేదండీ. అక్షరాల మీదే ఉంది.”

విశ్వంభరరావు గారు ఆ కాయితాన్ని రెండుసార్లు చదువుకున్నారు. సర్వీసులో మొదటిసారి ఒక ఉత్తర్వు తను చేయాలనుకున్న పనినే చేయమంటోంది. ఆయన మొహంలో కనిపించినది ఆనందమో భయమో చెప్పలేను. కూర్చుని పత్రాల మీద పేర్లు రాయడం మొదలెట్టారు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఏడుపు స్వభావం.

“మీరు రాస్తా ఉండండి బాబూ,” అన్నాడు ఎల్లాజీ. “మేం బేగి ఎల్లొచ్చేస్తాం.”

మేకులు పీకి తెరచాప లాగేశారు. అదే క్షణంలో కరెంటొచ్చింది. బొమ్మ పడడానికి తెర లేదు. లేచి నిలబడ్డ నలభై మంది చొక్కాల మీద పడింది. విశ్వంభరరావు గారి పొట్ట మీద సముద్రం ఎగసిపడింది. ఉద్యానవన శాఖాయన మొహం మీద పాత పడవ ఊగింది. పిల్లనగ్రోవి మోగింది. చూడడానికి షెల్టరులో జాలరి ఒక్కడూ లేడు.

మూడు తెప్పలు వెళ్ళాయి. తెర దాటేటప్పుడు ఒకటి నిలువునా లేచింది కానీ ఈసారి ఎవరూ నిలబడలేదు. ఎల్లాజీ చాపకు మేకుల కన్నాలు పన్నెండు. వాటిలోంచి ఆకాశం కనపడుతూనే ఉంది, అయినా గాలి పట్టింది. గురమ్మ నీళ్ళలో నిలబడి సముద్రంతో సహా అందర్నీ తిడుతోంది. పద్నాలుగో మనిషిని తెప్ప మీదికి లాగిన కాసేపటికి ఖాళీ పడవ నల్లబండలకు కొట్టుకుంది. ఆ చెక్కలు విరిగిన చప్పుడు ఒడ్డున అందరం విన్నాం. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

వచ్చినవాళ్ళలో ఏడుగురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు, నలుగురు పిల్లలు. పెదాలు పగిలి ఉన్నాయి. ఒకాయన ఖాళీ నూనె డబ్బా గుండెకు హత్తుకుని ఎంత అడిగినా వదలడు. వీళ్ళ తదుపరి ఏర్పాట్లు చూసే అధికారులు రావడానికి మూడు రోజులు పడుతుందని ఫోన్లో చెప్పారు. అందాకా వీళ్ళెక్కడుంటారని ఎవరో అడిగారు.

ఉత్తర్వులో దానికీ సమాధానం ఉంది. ఆఖరి పేరా. సోమయాజులు గారే చదివారు. రక్షింపబడినవారికి తిండి, బట్ట, నీడ సమకూర్చుట అర్హత పత్రము కలవారందరి ఉమ్మడి బాధ్యత.



మొదట పట్టుపరిశ్రమాయన గొంతు సవరించుకున్నారు. ఆ రోజు సినిమా చూసేటప్పుడు తనకు కళ్ళకలక ఉందని ఇప్పుడు గుర్తొచ్చిందట. అబద్ధపు పత్రం దగ్గరుంచుకోవడం తన మనస్సాక్షికి ఇష్టం లేదట. నీలం బిళ్ళ పీకి విశ్వంభరరావు గారి చేతిలో పెట్టారు. మరొకరికి హాల్లో ఏసీ గాలి పడలేదు. ఇంకొకరు ఆ పొద్దున ఇంట్లో ఉల్లిపాయలు తరిగి వచ్చారు. ఉద్యానవన శాఖాయన రెండుసార్లు ఏడ్చిన మాట నిజమే కానీ రెండూ సొంత విషయాలేనట. తూనికలాయన మునగలేదని ఇదివరకే రాసిచ్చారు, ఏడవలేదని కూడా దాని కిందే రాశారు. నిజాయితీ ఇంత వేగంగా పాకడం నేనెక్కడా చూడలేదు. పావుగంటలో ముప్పై తొమ్మిది బిళ్ళలు బల్ల మీద పడ్డాయి. విశ్వంభరరావు గారు నలభయ్యోది కూడా పెట్టి, సమన్వయం చేసేవారికి భావోద్వేగం తగదని ఎవరూ అడక్కుండానే చెప్పారు. బస్సులు హారను కొట్టాయి.

సోమయాజులు గారు అందరికంటే ఆఖరున బస్సెక్కారు. ఆయనకు నీలం బిళ్ళ మొదటి నుంచీ లేదు. సినిమా చూసేటప్పుడు కింద పడే అక్షరాల్లో తప్పులు దిద్దుకుంటూ ఉండిపోయారట, ఏడవలేదట. పోతూ పోతూ వెనక్కి తిరిగొచ్చి, తడిబట్టలతో వణుకుతున్న ఒక ముసలావిడ భుజాల మీద శాలువా కప్పి వెళ్ళిపోయారు. ఆయన్ని శాలువా లేకుండా చూడడం నాకదే మొదలు.

ఇక పత్రాలున్నవాళ్ళు జిల్లా మొత్తానికి పదమూడు మంది మిగిలారు. వాళ్ళ పత్రాల మీద సిరా ఇంకా తడి ఆరలేదు. ఎల్లాజీ తన పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, తెరచాపకు పడ్డ ఒక కన్నం మీద పెట్టి సరిపోతుందా అని చూశాడు. సరిపోలేదు.

“మా ఇంటికాడ అంబలుంది,” అంది గురమ్మ. “సేపల పులుసు పొద్దున్నదే. అందరూ లెగండి.” వాళ్ళకి భాష తెలియదు. అయినా లేచారు.

మృణాళిని ఇదంతా తీస్తూనే ఉంది. ఒక తల్లి నడవలేక కూలబడితే కెమెరా అటు తిప్పింది. తల్లి చేతిలో పాలు తాగే పసిగుంట. గురమ్మ ఆ తల్లి రెక్క పట్టుకుని లేపుతూ వెనక్కి తిరిగి చూసింది.

“అమ్మా, నానేటంటన్నానో ఈసారి సరిగ్గా రాసుకో. ఆ పెట్టె కింద పెట్టీసి ఈ గుంటని ఎత్తుకో.”

మృణాళిని ఒక్క క్షణం నిలబడిపోయింది. తరవాత కెమెరా కన్ను మూసి ఇసుకలో పెట్టి, రెండు చేతులూ చాచింది.

అందుచేత ఆ తరవాత జరిగింది ఏ సినిమాలోనూ లేదు.